మూడు దినాల మందు

కాన్పు గది ముందర కటిక నేలమీద రమ్యశ్రీ నొప్పులు పడుతోంది. ఆమె కేసుషీటు మీద ఎర్రసిరాతో పెద్ద గుర్తు. హెచ్ఐవీ ఉందని ఊరంతా టముకు వేసినట్టే. ఆ గుర్తు పడిన తల్లిని ఈ ఆసుపత్రిలో ఎవరూ తాకరు.

"ఈడ కాదు, కడపకు తీసుకపోండి," అన్నాడు డాక్టరు, ఆమె మొహమైనా చూడకుండా.

ఆయా ఓబులమ్మ చీపురు పట్టుకుని గోడకు ఆనుకుంది. రెండేళ్ల కిందట ఎర్రగుంట్ల లారీ డ్రైవరు భార్య శివానినీ ఇలాగే తరిమారు. బస్సులోనే కాన్పయింది. మర్నాడు బిడ్డను కొంగులో చుట్టుకొని వచ్చి, "అక్కా, నా జబ్బు బిడ్డకు అంటకుండా మూడు దినాల్లోపల చుక్కల మందు పొయ్యల్లంట," అని కాళ్లావేళ్లా పడింది. మందు బీరువాలో ఉంది. బీగంచెవి ఓబులమ్మ మొలలో ఉంది.

"ఈడ పుట్టిన బిడ్డలకే ఇచ్చేది. పో," అంది ఓబులమ్మ.

రూలు అదే. కానీ రూలు కోసం కాదు, ఆ బిడ్డను ముట్టుకోవలసి వస్తుందని అంది. ఏడాది తిరక్కముందే అదే జబ్బుతో బిడ్డ పోయింది. ఆనాటి నుంచి ఓబులమ్మకు తన చేతులు చూసుకుంటేనే సిగ్గు.

ఇప్పుడు ఆ శివానే నలభైమంది ఆడవాళ్లతో వచ్చి వాకిలికి అడ్డం కూర్చుంది. అందరూ ఎర్రగుర్తు పడినవాళ్లే.

"కాన్పు ఈడే జరగల్ల! బిడ్డకు మందు పొయ్యల్ల!"

"మందు లేదు, స్టాకు రాలేదు," అన్నాడు డాక్టరు.

ఓబులమ్మ చీపురు పారేసింది.

"ఉండాది సార్. అప్పుడూ ఉండె శివానీ. నేనే ఇయ్యలే. నీ బిడ్డను ముట్టుకునేకి భయపడితి."

ఆమె మొలలోని బీగంచెవి వైపు శివాని వేలు చూపింది.

"నీ ఏడుపు నాకొద్దు. బీరువా తెరువు."

ఓబులమ్మ తెరిచింది. అన్ని కళ్లముందు డాక్టరుకు కాన్పు గదిలోకి పోక తప్పలేదు. సాయంత్రానికి బిడ్డ ఏడ్చింది. ఓబులమ్మ ఎత్తి పట్టుకుంటే నర్సమ్మ బిడ్డ నోట్లో చుక్కలు వేసింది.

డాక్టరు ఫోను చేస్తే పోలీసు జీపు వచ్చింది.

"అనుమతి లేకుండా బీరువా తెరిచిందెవరు?" అన్నాడు ఎస్సై.

"నేనే సార్. రెండేండ్ల కిందట తెరవంది గూడా నేనే. రెండూ రాసుకో."

"ఆ రెండోది కేసు కాదులే, జీపెక్కు."

శివాని లేచి వచ్చి జీపు ముందర బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నా బిడ్డకు మందు ఇయ్యంది కేసయ్యేదాకా ఈ జీపు కదలదు సార్."

నలభైమందీ వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు.