కళ్ల మధ్య కొలత

ఈ ఇంట్లో కత్తెర ఎక్కడుందో ఒక్కరికీ తెలియదు గానీ ఆ పార్సిల్ తెరవాలా వద్దా అన్నదాని మీద మాత్రం అరగంట నుంచి ముగ్గురికీ మూడు అభిప్రాయాలు, తెరిచావంటే వాళ్లు తిరిగి తీసుకోరు అని ఆయన, తిరిగి పంపడానికి కాదు నాన్నా తెప్పించుకుంది అని అమ్మాయి, ముందు ఆ డబ్బా బల్ల మీంచి తీయండర్రా, కంచాలు నెత్తిన పెట్టుకోవాలా అని మా అత్తగారు, మధ్యలో నేను బంగాళాదుంపల చెక్కు తీస్తూ, ఎంత మందంగా తీస్తున్నానో చూసుకోకుండా, సగం దుంప చెత్తబుట్టలోకే పోతోంది, పోనీ, చేతులకి ఏదో ఒక పని ఉండాలి, లేకపోతే ఆయన నా మొహం చూస్తారు, చూస్తే అడుగుతారు, అడగాల్సిన ప్రశ్న ఒక్కటే ఉంది, అది ఇంకా ఆయనకి తట్టలేదు.

ఎవరి పిల్ల తెప్పించుకున్నా నాకేం పట్టదు, కళ్లజోళ్ల కొట్టువాడి కూతురు విదేశం నుంచి కళ్లజోడు తెప్పించుకుందంటే సంఘంలో నా మొహం ఎక్కడ పెట్టుకోను అంటున్నారు ఆయన, ఆ మాట నిజమే, మూడేళ్లు తిరిగారు, చెప్పుల కొట్టు, బొమ్మల కొట్టు, సైకిళ్ల కొట్టు, గుమ్మం గుమ్మానికీ వెళ్లి వర్తకుల సంఘం తరఫున సంతకాలు పట్టుకొచ్చారు, మేం అమ్మే ప్రతి వస్తువుకీ అమ్మకం పన్ను ఉంది, సముద్రం అవతలి నుంచి వచ్చే పార్సిల్‌కి లేదు, ఇదెక్కడి న్యాయం అని, చివరికి ప్రభుత్వం ఒప్పుకుంది, రేపటి నుంచి వాటికీ నూటికి పది, కొట్టు అద్దానికి కట్టడానికి బ్యానరు కూడా రాయించి పెట్టుకున్నారు, ఇక అందరికీ ఒకటే పన్ను అని ఎర్రటి అక్షరాలు, చుట్ట చుట్టి గుమ్మం పక్కన నిలబెట్టారు, సరిగ్గా దాని పక్క నుంచే వచ్చింది ఈ పార్సిల్, పన్ను పడకుండా ఒక్క రోజు ముందు, ఈ పిల్లకి ఆ ఒక్క రోజు కూడా లెక్కే, ఎవరి పోలికో మరి.

నీకు కావాలంటే కొట్టులో ఊరికే ఇవ్వనా అమ్మా అంటున్నారు ఇప్పుడు, గొంతు కాస్త తగ్గించి, ఇస్తావు నాన్నా, ఏది అమ్ముడుపోలేదో అదిస్తావు, ఆరో క్లాసులో ఉన్నప్పుడు నాకు తాబేలు చిప్ప రంగుది పెట్టావు, క్లాసంతా నన్ను రిటైర్డు మాస్టారూ అని పిలిచారు, అత్తగారు నవ్వేశారు, నాకూ నవ్వొచ్చింది, మింగేశాను, మా ఇంట్లో పద్ధతే అది, మూడేళ్లు షెల్ఫులో కూర్చుని ఎవరూ తీసుకోని ఫ్రేము ఇంటికొస్తుంది, నా ముక్కు మీద ఉన్న ఈ వంకాయ రంగుది అలా వచ్చిందే, పెళ్లిళ్లలో చుట్టాలు మెచ్చుకుంటారు కూడా, ఎంత ధైర్యమమ్మా నీకు అని, అత్తగారిది మరీ, ఒక కాడ విరిగితే టేపు చుట్టుకుని తిరుగుతున్నారు, ముందు నాది చూడరా, ఆ తర్వాత ప్రభుత్వాన్ని బాగు చేద్దువు గాని అంటున్నారు, వస్తుందమ్మా, రేపటి నుంచి జనం మళ్లీ కొట్టుకి వస్తారు, అందరికీ మంచివే తెద్దాం అని ఆయన, ఆ రేపు అనే మాట ఎంత నమ్మకంగా అంటారో, నాకు ఆ నమ్మకం లేదు, ఎందుకంటే నేను లెక్క వేశాను, ఆయన వేయలేదు, వేసినా నమ్మలేదు, మా దగ్గర నాలుగు వందలకి అమ్మే ఫ్రేము అక్కడ నూట అరవై, పన్ను కలిపితే నూట డెబ్భై ఆరు, అదే ఫ్రేముని మాకు టోకు వర్తకుడు ఇచ్చేదే రెండు వందల పదికి, మేం లాభం మొత్తం వదిలేసుకుని అమ్మినా అందుకోలేం, జనం రేపు రారు, ఎల్లుండీ రారు, వచ్చినా ఇప్పుడొస్తున్నట్టే వస్తారు, పది ఫ్రేములు పెట్టి చూసుకుని, కాడ లోపలి వైపున్న నంబరుకి ఫోన్‌తో ఫొటో తీసుకుని, ఇంట్లో అడిగి చెప్తామండీ అని.

అందుకే కదా ఆయన ఆ నియమం పెట్టింది, ఫొటోని ఆపలేం, కొలతని ఆపుదాం అని, రెండు కనుపాపల మధ్య దూరం ఎన్ని మిల్లీమీటర్లో తెలియకుండా ఎక్కడా కళ్లజోడు చేయించుకోలేరు, లెన్సు నడిబొడ్డు కనుపాపకి ఎదురుగా రావాలి, ఆ అంకె ఒక్కటీ కంటి పరీక్ష చీటీ మీద రాయకు, పవరు రాయి, ఈ అంకె మాత్రం మన దగ్గర కొన్నవాళ్లకే అన్నారు, ఆరేళ్లుగా నేను రాయలేదు, పరీక్ష చేసేది ఆయన, కొలిచేది నేను, ఎదుటివాళ్ల నుదుటికి స్కేలు ఆనించి నా ముక్కు వైపు చూడండి అంటాను, వాళ్లు చూస్తారు, పెద్దవాళ్లు, పిల్లలు, కోపిష్టివాళ్లు, అందరూ ఆ ఒక్క క్షణం బుద్ధిగా కదలకుండా కూర్చుంటారు, పోయిన నెల ఒకరోజు ఇదే వంటింట్లో అమ్మాయి కూర్చుంది, అమ్మా, నాన్నకి చెప్పకు, ఒక్కసారి కొలువు అంది, పొయ్యి తగ్గించి కొలిచాను, అరవై ఒకటి, నిమిషం కూడా పట్టలేదు, అడగ్గానే చెప్పేశాను, కూతురు కదా.

బస్సు డ్రైవరుకి చెప్పలేదు, మా కొట్టు ముందు నుంచే తిరుగుతుంది అతని బస్సు, పెద్ద మొహం, ఎడంగా ఉండే కళ్లు, కొలిస్తే అరవై తొమ్మిది వచ్చింది, నాకిప్పటికీ గుర్తుంది, చీటీ తీసుకుని ఆ అంకె కూడా వేసివ్వండమ్మా అని అడిగాడు, ఈయన అడ్డుపడి అది కొన్నవాళ్లకేనండీ అన్నారు, నేను స్కేలు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను, స్కేలుని డ్రాయరులో పెట్టేశాను, డ్రైవరు నెట్‌లో ఎక్కడో మగవాళ్లకి మామూలుగా అరవై మూడు ఉంటుందని చదివి అదే వేసి తెప్పించుకున్నాడు, అంత మందపాటి అద్దాలకి ఆరు మిల్లీమీటర్ల తేడా, నిన్న వచ్చాడు, ఈయన సంఘం మీటింగుకి వెళ్లారు, ఏంటమ్మా ఇది, ఒక్కోసారి ఎర్రదీపం రెండుగా కనబడుతోంది, ఎందుకైనా మంచిదని రెండింటికీ ఆగుతున్నా అని నవ్వాడు, నేనూ నవ్వాను, అలవాటు పడాలండీ, నాలుగు రోజులు పడుతుంది అన్నాను, అలా ఎలా అనగలిగాను, చూడగానే నాకు తెలిసిపోయింది, తెలిసి కూడా అన్నాను, అంకె చెప్తే ఇంకొకటి కూడా అక్కడే తెప్పించుకుంటాడని, నియమం తప్పినట్టవుతుందని, డ్రైవరు సరేనమ్మా అని థాంక్స్ చెప్పి మరీ వెళ్లాడు, నిన్నటి నుంచీ దూరంగా పెద్ద రోడ్డు మీద బస్సు చప్పుడు వినబడితే చాలు కిటికీ దగ్గరికి వెళ్తున్నాను, ఏం చూద్దామని, ఈ వీధిలోకి అసలు బస్సే రాదు.

అయితే కొలత ఎవరిచ్చారు నీకు అన్నారు ఆయన, అదిగో, తట్టింది, నా చేతిలో కత్తి ఆగింది, అమ్మాయి నా వైపు చూడలేదు, చూడకుండా ఉండటానికి ఎంత అవస్థ పడిందో నాకు తెలుస్తూనే ఉంది, నేనే అద్దంలో చూసుకుంటూ స్కేలు పెట్టుకున్నా నాన్నా అంది, ఆయన మొహంలో బిగువు సడలింది, కుర్చీలో వెనక్కి వాలారు, అయితే తప్పే వచ్చి ఉంటుందిలే, పెట్టుకో, పెట్టుకో, రెండో రోజుకి తలనొప్పి వస్తుంది, అప్పుడు తెలుస్తుంది కొట్టంటే ఏమిటో అన్నారు, ఎంత తృప్తిగా అన్నారో, సొంత కూతురికి తలనొప్పి రావాలని, చెడ్డవారు కారు, నాకు తెలుసు, జ్వరమొస్తే రాత్రంతా దాని పక్కనే కూర్చునే మనిషి, ఆ మనిషి నోట ఆ మాట వచ్చింది, నిన్న నా నోట వచ్చిన మాటా అలాంటిదే, ఇంకాస్త మర్యాదగా చెప్పాను, అంతే, ఎవరో ఒకరికి తలనొప్పి వస్తే తప్ప నడవని కొట్టుని ఇద్దరం కాపాడుతున్నాం, ఆ అంకె మేం తయారు చేసింది కాదు, టోకు వర్తకుడి దగ్గర కొన్నదీ కాదు, వాళ్ల మొహంతో పాటు పుట్టింది, మా దగ్గరున్నది చూసి చెప్పే చెయ్యి ఒక్కటే, దానికి వెల కట్టచ్చు, అంకెని దాచే హక్కు మాత్రం ఎవరిచ్చారు, ఏమండీ, దానికి తలనొప్పి రాదు, నేనే కొలిచాను అన్నాను, బల్ల దగ్గర అందరూ నా వైపు తిరిగారు, అత్తగారు కూడా, చేతులు కడుక్కుని తుడుచుకుని నేను గొంతు పెంచకుండానే చెప్పాను, కొట్టు తాళాలు తీసుకుని వెళ్తున్నాను, బస్సు డ్రైవరు ఫోన్ నంబరు అక్కడ అతని పరీక్ష కార్డులో ఉంది, ఆ కళ్లజోడు తీసేసి పాతది పెట్టుకోమని ఇవాళే చెప్తాను, రేపటి నుంచి ప్రతి చీటీ మీదా ఆ అంకె వేస్తాను, కొన్నా కొనకపోయినా, కొలిచినందుకు ఇంతని బోర్డు పెడదాం, ఎంతో మీరు చెప్పండి, రాయడం మాత్రం రాస్తాను.