మొదటి పళ్లెం

మేడ్చల్‌లో మా అమ్మ వెళ్లే మీటింగుకు ఒక పద్ధతి ఉంది. ప్రతి రెండో శనివారం, ఒళ్లు కాలి బతికినవాళ్లూ వాళ్ల ఇంటివాళ్లూ ఒక ట్యూషన్ సెంటర్ పైగదిలో కూర్చుంటారు. ఎలా కాలిందని అక్కడ ఎవరూ అడగరు. అడిగేది ఒక్కటే.

"నలుగురి ముందట నీ చేతి అన్నం మొదలు ఎవరు తిన్నరు?"

పేరు చెప్పాలి. ఆ మనిషి గదిలో ఉంటే లేచి నిలబడాలి. అందరూ చప్పట్లు కొడతారు.

ఈ పద్ధతి పెట్టింది రోజారాణి అక్క. ఆమెది గాజులరామారం. గ్యాస్ సిలిండర్ పేలి చేతులు కాలాక, ఏడాదిపాటు ఆ బిల్డింగులో ఒక్కరు కూడా ఆమె ఇంట్లో చాయ్ తాగలేదట. "చెయ్యి కాలితే గదేమన్న అంటుకునే రోగమా?" అని ఇప్పటికీ అడుగుతుంది, ఎదురుగా ఆ బిల్డింగువాళ్లే కూర్చున్నట్టు.

చోటే మియా చాచాకు మేడ్చల్‌లో బజ్జీల బండి ఉంది. కడాయి తిరగబడి మెడ నుంచి నడుం దాకా కాలాడు. ఆయన వంతు వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "నా చేతి బజ్జీ మొదలు తిన్నది మా బేగం. ఉప్పు ఎక్కువైందని తిట్టుకుంటనే తిన్నది. చప్పట్లు ఆమెకు గాదు, నాకు కొట్టున్రి." గది మొత్తం నవ్వేది.

మా అమ్మ బాలమణి మాత్రం వెళ్లిన మూడు మీటింగుల్లోనూ, "ఇప్పటికైతే ఎవ్వరు లేరక్కా," అంది. పక్కన కూర్చున్న నేను చాపలో పుల్లలు లెక్కపెట్టుకున్నాను.

అమ్మ మా బడిలో తొమ్మిదేళ్లు మధ్యాహ్న భోజనం వండింది. మాది శామీర్‌పేట దాటాక చిన్న ఊరు. పోయిన డిసెంబరులో గాలికి పొయ్యి మంట ఎగిసి ఆమె కొంగుకు అంటుకుంది. కుడి చెంప, మెడ, కుడి చెయ్యి. తొడ మీది చర్మం తీసి మెడకు అతికించారు. గడ్డం ఒక పక్కకు లాగినట్టు ఉంటుంది. చేతికి పొద్దంతా బిగుతు తొడుగు వేసుకోవాలి. నాయిన తెల్లారకముందే కండ్లకోయకు కాలేజీ బస్సు నడపడానికి వెళ్లి రాత్రికి గానీ రాడు కాబట్టి, సాయంత్రం ఆ తొడుగు తీసి చేతికి, మెడకు, చెంపకు కొబ్బరినూనె రాసేది నేనే. ఆ చర్మం మీద ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు.

తొమ్మిది నెలలయ్యాక అమ్మ తన పని తనకు కావాలంది. "ఇంట్ల కూసుంటే గోడలు జూసుడే. నేను వండనీకె పనికిరానా?"

హెడ్మాస్టర్ లక్ష్మణ్ సార్ చెడ్డవాడు కాదు. "చిన్న పిల్లలు భయపడ్తరేమోనమ్మా," అన్నాడు. చివరికి ఒక మాటకు ఒప్పుకున్నాడు. "బుధవారం ఒక్కరోజు వడ్డించు. పిల్లలు నీ దగ్గర తింటే వచ్చే నెల నుంచి రా. తినకపోతే మాత్రం నన్ను తిట్టకు."

ఆ సంగతి విని రోజారాణి అక్క, చోటే మియా చాచా కూడా వస్తామన్నారు. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"మేము తింటే లెక్కకు రాదు దివ్యా. మేమూ కాలినోళ్లమే. నువ్వు మొదటి పళ్లెం పట్టాలె. ఒక్కరు నిలబడితే ఎన్కనే అందరొస్తరు. నిలబడ్తవా?"

"నిలబడ్త," అన్నాను. నిజంగానే అన్నాను.

బుధవారం పొద్దున్నే అమ్మ తల దువ్వుకుని, పోయిన పండుగకు కొన్న ఆకుపచ్చ చీర కట్టుకుని బడికి వెళ్లింది. ఆ రోజు అన్నం, పప్పు మొత్తం ఆమే వండింది. గంట కొట్టాక పప్పును రెండు బకెట్లలోకి, అన్నాన్ని రెండు పెద్ద గంజు గిన్నెల్లోకి మార్చారు. ఒకదాని దగ్గర అమ్మ, ఇంకోదాని దగ్గర దుర్గమ్మ. తొమ్మిది నెలలుగా వండుతున్నది దుర్గమ్మే. రెండింటిలోనూ అదే అన్నం.

వరండా మెట్ల మీద రోజారాణి అక్క, చాచా పళ్లేలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పిల్లలు అన్నం వంక కాదు, వాళ్ల వంక చూస్తున్నారు.

"గీళ్లందరు కాలినోళ్లేనా?" అని ఎవడో గట్టిగానే అడిగాడు.

"అరే, నేను కాలలే, కొంచెం ఎక్కువ వేగిన," అన్నాడు చాచా. ఎవరూ నవ్వలేదు.

నేను అమ్మ గంజు దగ్గర అందరికంటే ముందు నిలబడ్డాను. నా వెనుక తేజస్వి, ఆమె వెనుక మా పదో తరగతి అంతా. అమ్మ నన్ను చూసి గరిటె నిండా అన్నం తీసింది. నాకు పెట్టేటప్పుడు అడుగు నుంచి తీస్తుంది, వేడిగా ఉంటుందని.

తేజస్వి నా చెవిలో అంది. "ఏందే, మమ్మల్ని గూడ మీ అమ్మ కాడికే తీస్కపోతున్నవా?"

అంతే అంది. అమ్మ ముఖమంటే నాకు భయం లేదు. రోజూ నా చేతులతో తడిమే ముఖం. నా భయం వేరే. ఇప్పుడు అందరూ నన్ను చూస్తారు. రేపు, ఎల్లుండి, పదో తరగతి అయ్యేదాకా, కాలినామె బిడ్డ అని చూస్తారు.

నా కాళ్లు దుర్గమ్మ వైపు తిరిగాయి. తేజస్వి నా వెనకే వచ్చింది. ఆమె వెనుక అందరూ వచ్చారు. రోజారాణి అక్క చెప్పింది నిజమే. ఒక్కరు నిలబడితే వెనుక అందరూ వస్తారు.

అమ్మ గరిటె కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత అన్నం మళ్లీ గంజులో వేసింది. అక్క, చాచా లేచి వెళ్లి పెట్టించుకుని, మెట్ల మీద కూర్చుని మెతుకు మిగలకుండా తిన్నారు. నేను దుర్గమ్మ పెట్టిన అన్నం తిన్నాను. అది అమ్మ వండిందే. పప్పులో చింతపండు పులుపు అమ్మదే.

లక్ష్మణ్ సార్ తన బూట్ల వంక చూస్తూ, "చూసినవు గదమ్మా. నేనేమన్న అన్ననా?" అన్నాడు.

"లేదు సారూ," అంది అమ్మ. గరిటె కడిగి దుర్గమ్మకు ఇచ్చేసింది.

ఇంటికొచ్చాక ఆమె ఏమైనా అంటుందని చూశాను. తిట్టినా బాగుండేది. సాయంత్రం ఎప్పటిలాగే నా ముందు చెయ్యి చాపింది. నూనె రాశాను.

రెండో శనివారం వచ్చింది. కడుపునొప్పి అన్నాను. "పోదాం రా," అంది అమ్మ.

చాచా వంతు అయిపోయింది. ఈసారి ఉప్పు మాట చెప్పలేదు.

"బాలమణీ," అంది రోజారాణి అక్క, మెల్లగా. "నువ్వు చెప్పకున్నా మంచిదే."

"చెప్త అక్కా. ఉన్నరు. నా బిడ్డ శ్రీదివ్య. బడిల, అందరి ముందట తిన్నది."

నేను తలెత్తాను. రోజారాణి అక్క నన్నే చూస్తోంది. ఆ రోజు మెట్ల మీద నుంచి ఆమె అంతా చూసింది. చాచా కూడా చూశాడు. ఇప్పుడు ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు. అక్క ఒకసారి అమ్మ ముఖం చూసింది. తర్వాత తనే మొదట చప్పట్లు కొట్టింది.

"లే బిడ్డా," అంది అమ్మ, నా మోచేతి కింద చెయ్యి పెట్టి పైకి ఎత్తుతూ. "నిలబడు."

నిలబడ్డాను. ఏమీ తెలియనివాళ్లు నవ్వుతూ కొట్టారు. తెలిసిన ఇద్దరూ నన్ను చూడకుండా కొట్టారు. అమ్మ కూడా కొట్టింది. ఆమె కుడిచేతి వేళ్లు పూర్తిగా చాపుకోవు. ఆమె చప్పట్లకు చప్పుడు రాలేదు.