మోకాల్లో దిగిన చుట్టం

కట్టు విప్పేసరికి కూర్మారావు ఎడమ మోకాల్లో ఒక వసారా కనిపిస్తుంది. కొత్తగా సున్నం వేసి ఉంది. డాక్టరమ్మ టార్చి వేసి చూసి తృప్తిగా తల ఊపుతుంది.

ఎముకల్ని కలిపి కట్టే లిగమెంటు తెగిపోతే, దాని స్థానంలో చనిపోయినవాళ్లెవరిదో లిగమెంటు తెచ్చి అక్కడ పెట్టారు.

“శుభ్రంగా కడిగించాం మాస్టారూ. పాత మనిషి కణాలు పోయి, ఒట్టి దారాలే మిగిలాయి. మీ రక్తం మనుషులొచ్చి ‘ఏ వూరు మీది?’ అని అడుగుతారు. జవాబు రాకపోతే సొంతమనుకుని అందులో కాపురం పెడతారు.”

“జవాబొస్తే?”

“పీకి పారేస్తారు. ఇక మీరు కర్రతోనే నడవాలి.”

పోతూ పోతూ ఆవిడ అడగకుండానే ఫ్యాను కొంచెం తగ్గిస్తుంది. భార్య హైమవతి పోయాక అతని చలి ఎవరూ కనిపెట్టలేదు.

కూర్మారావు ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని తన మోకాల్లోకి దిగుతాడు. నడిచేకొద్దీ వసారా పొడుగవుతుంది. చివర్న తీగమీద ఆరేసిన పంచెలా లిగమెంటు వేలాడుతోంది.

“మీ ఇంట్లో ఇడ్డెన్లలోకి ఏం పచ్చడి సేత్తారు బావూ?” అంటుంది.

ఒక్క పోగు కడగడం మరిచారన్నమాట. భయపడాల్సింది పోయి, కూర్మారావు కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు. అతన్ని ఇలాంటి మాట ఎవరైనా అడిగి ఎంత కాలమైందో!

“పచ్చడెక్కడిదమ్మా. పొడి వేసుకుని తినేస్తాను.”

“అయ్యో, ఒట్టి పొడేనా? మా వూళ్లో అయితే...”

“వూరి పేరు చెప్పకు తల్లీ!”

“సెప్పకపోతే నానెవుల్ని?”

“చెబితే నువ్వుండవు. నాకు కాలుండదు.”

“మాటాడకుండా ఉంటే మాత్రం నానున్నట్టేటి?”



తెల్లబట్టల్లో రక్తం మనుషులు చెప్పులు బయట విడిచి, పెళ్లివారిలా వరసగా లోపలికి వస్తారు. పెద్దాయన లిగమెంటు అంచు వేళ్లతో నలిపి చూస్తాడు.

“ఏటమ్మా, ఏ వూరు మీది?”

పోగు వణుకుతుంది. కూర్మారావు లేచి దాన్ని అరచేత్తో కప్పుతాడు. అరచేతి కింద ఒక పెదవి కదులుతోంది.

“మా ఇంటి మనిషేనండీ.”

“మరి మాటాడదేటి?”

“మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు.”

పెద్దాయన ముఖం మెత్తబడుతుంది. “అది నిజివేలే బావూ. మాకు తెల్దా? నీ గుండికాడ నుంచే కదా వత్తన్నాం.”

ఆయన సైగ చెయ్యగానే చాపలు, పొయ్యిలు, చంటిపిల్లలతో వాళ్లంతా దారాల్లోకి దిగుతారు. ఒక ముసలమ్మ అతని అరచేతి దగ్గరికి వచ్చి ఆగి, “కూసింత జరపండి నాయినా” అంటుంది మర్యాదగా. కూర్మారావు చెయ్యి తీస్తాడు. పెదవి ఇక కదలడం లేదు.

మోకాల్లోంచి పైకొచ్చి కాలు నేలకు ఆనిస్తాడు. నిలబడుతుంది.

ఆసుపత్రి గుమ్మం అవతల వీధి లేదు. రెండు కొండల మధ్య తెల్లని నరం ఒకటి బిగించి ఉంది. దానిమీద ఊరంతా వట్టి కాళ్లతో, చప్పుడు లేకుండా నడుస్తోంది. ప్రతి ఒక్కరూ పక్కన పోయిన మనిషి ఒకరు పట్టేంత ఖాళీ వదిలి, ఆ ఖాళీ తాలూకు చెయ్యి పట్టుకుని పోతున్నారు. కూర్మారావు తన ఖాళీ కోసం వెతకబోతాడు. అప్పటికే అది అతని చిటికెనవేలు పట్టుకుని ముందుకు లాగుతోంది.