పదకొండో మనిషి

ధౌలీకోటలో విమానం ఎక్కాలంటే ముందు జౌకలా రోకాయ కాటా ఎక్కాలి. ఆమె మనిషిని ఒకసారి, మూటను ఒకసారి తూచి, రెండూ కలిపి కాగితం మీద రాస్తుంది. ఆ కాగితం మీద తొమ్మిది వందల కిలోలు నిండాయంటే, వరసలో తర్వాత నిలబడ్డది వార్డు అధ్యక్షుడైనా సరే, "తర్వాతి విమానానికి రండి హజూర్" అనేస్తుంది. ధౌలీకోట కొండల మీది ఊరు, అంత ఎత్తులో గాలి పల్చన. రన్‌వే చూస్తే పొట్టిది, దాని చివర లోయ. అంతకు మించి బరువెక్కితే విమానం లేవదని విమాన కంపెనీ చెప్పింది, పదకొండేళ్లుగా ఆమె ఆ మాట మీదే నిలబడింది. నాలుగేళ్ల కిందట సొంత తమ్ముడు హర్కే మోసుకొచ్చిన రాజ్మా మూటను కూడా, ఏడు కిలోలు ఎక్కువైందని నలుగురిలో దింపేసింది. అప్పటి నుంచి వాడు భాయీటీకా పండక్కి అక్క చేత బొట్టు పెట్టించుకోవడానికి రావడం మానేశాడు. ఇంత ముక్కుసూటి మనిషితో ఎవరికి మాత్రం పొసుగుతుంది చెప్పండి?

పొద్దున్నే ఆమె చేసే మొదటి పని కాటా ముల్లును సున్నా మీదికి తేవడం. ఇనప పళ్లెం మీద దుమ్ము కూడా లేకుండా తుడుస్తుంది, పక్కనున్న మర తిప్పుతుంది, ముల్లు సరిగ్గా సున్నా మీద నిలిచాకే చెయ్యి తీస్తుంది. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో అలాగే రాసి ఉంది. తర్వాత పళ్లెం మీద గొంగళి పరిచి, టీ పెట్టుకోవడానికి వెళుతుంది. గొంగళి సంగతి పుస్తకంలో లేదు, అది ధౌలీకోట మర్యాద. విశ్వకర్మ పూజ నాడు కాటాకు అక్షతలు, ఎర్రబొట్టు పెడతారు. బొట్టు పెట్టి మొక్కినదాని మీద చెప్పులతో ఎలా ఎక్కుతారు? అందరూ విప్పే ఎక్కుతారు. చలికాలం ఆ ఇనుము మీద ఒట్టి కాళ్లు పెడితే ప్రాణం జివ్వుమంటుంది. ఆమె చేరిన మొదటి ఏడాదే ఒక ముసలాయన కెవ్వున అరిచి దూకేశాడు. ఆ సాయంత్రమే జౌకలా వాళ్లత్త నేసిన గొంగళి తెచ్చి వేసింది.

ఆ ఏడు చమురు ధర మండిపోయింది. ఎక్కడో సముద్రంలో ఓడలు ఆగిపోయాయని రేడియోలో చెప్పారు. ధౌలీకోటలో సముద్రం చూసినవాడు ఒక్కడూ లేడు, అయినా దెబ్బ మాత్రం ఇంటింటికీ తగిలింది. ముందు ఉప్పు పెరిగింది, తర్వాత టికెట్టు. వారానికి అయిదు విమానాలు కాస్తా రెండయ్యాయి. బడి కప్పుకు రేకులు రాలేదు, అక్రోట్లు కొనే షావుకారు ఈసారి ఇటు తొంగి చూడలేదు. దిగువన నేపాల్‌గంజ్ విమానాశ్రయంలో సగం మంది హమాలీలను "ధర దిగాక కబురు చేస్తాం" అని ఇళ్లకు పంపేశారు. వాళ్లలో జౌకలా మొగుడు బీర్‌మాన్ ఒకడు. కబురు రాలేదు. బీర్‌మానే బస్సు దిగి మూడు రోజులు నడిచి ఇల్లు చేరాడు.

ఆ గురువారం పొద్దున ఆమె బయల్దేరేసరికి అతను గుమ్మంలో కూర్చుని మూట కడుతున్నాడు. వంట గిన్నె, రెండు దుప్పట్లు, గొడ్డలి.

"ఏంటిది?" అంది.

"ఇవాళ ఆఫీసర్ వస్తున్నాడు కదా. ఎందుకొస్తున్నాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు. మంచు పడక ముందే ఇండియా వైపు కాలాపహాడ్ పోదాం. మా అన్నవాళ్లు సిమ్లా దగ్గర రోడ్డు పనిలో ఉన్నారు."

"నన్ను రాళ్లు కొట్టమంటావా?"

"కాటా లేకపోతే ఏం తూస్తావే మరి, మంచా?"

దిగువకు పోయి ఇండియాలో రాళ్లు కొట్టే బతుకు ఆమె చిన్నప్పుడు అమ్మానాన్నల వెనక తిరిగి చూసిందే. మళ్లీ ఆ రేకుల గుడిసెల్లోకి పోలేననుకుంటూ కాటా దారి పట్టింది.

విమానం ఏడున్నరకు దిగింది. బియ్యం బస్తాల వెనక నుంచి మెడకు మఫ్లర్ చుట్టుకున్న సన్నటి మనిషి దిగాడు. పేరు తీర్థ జోషి, నేపాల్‌గంజ్ కార్యాలయంలో లెక్క చూసే అధికారి. పది దాటితే లోయలో గాలి లేస్తుంది కాబట్టి అన్నీ గబగబా జరిగిపోవాలి. జౌకలా తొమ్మిది మందిని తూచింది. పదోవాడు జోషీయే, అదే విమానంలో తిరిగి పోవాలి. బుద్ధిగా బూట్లు విప్పి ఎక్కాడు.

"డెబ్బై అయిదు" అందామె.

"అదేంటి దిదీ? పొద్దున నేపాల్‌గంజ్‌లో డెబ్బై ఒకటే ఉన్నానే! టీ తప్ప ఏమీ తాగలేదు కూడా."

వరసలో నవ్వులు లేచాయి. చివర నిలబడ్డ ముసలమ్మ పుత్లీ బజై ఊరుకోలేదు. డెబ్బై దాటిన మనిషి, రెండు కళ్లకూ పొర కమ్మింది గానీ నోటికి ఏ పొరా లేదు. "ఆఫీసర్లు కొండెక్కితే బరువు పెరుగుతారులే నాయనా. మేం దిగితే గానీ పెరగం" అంది.

"నా కాటా అబద్ధం చెప్పదు సార్" అంది జౌకలా, మొహం గంటు పెట్టుకుని. జోషి ఇక మాట పొడిగించలేదు.

అతని మూట కూడా కలిపేసరికి కాగితం నిండిపోయింది. పుత్లీ బజై మిగిలిపోయింది. ఆమెకిది మూడోసారి. నేపాల్‌గంజ్‌లో కంటి ఆపరేషన్ల శిబిరం శనివారంతో ముగుస్తుంది.

"కోడలా, మళ్లీ దింపేశావా?" అంది ముసలామె ఊరి వరసన, జౌకలా మొహం ఉన్న వైపు కళ్లు చికిలించి. ఈసారి ఆ గొంతులో వెటకారం లేదు. "సోమవారం పోతే అక్కడ డాక్టరుంటాడా, వాడి కుర్చీ ఉంటుందా?"

కాగితం చూపించి ఏం లాభం, ఆవిడకు కాగితమే కనపడదు. జౌకలా ఆమె చెయ్యి పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టింది.

అప్పుడు జోషి జౌకలాను పక్కకు పిలిచాడు. మాట కటువుగా లేదు, అదే ఆమెను భయపెట్టింది.

"దిదీ, నాకూ మూడు నెలలుగా సగం జీతమే. కాబట్టి నా మీద కోపం పెట్టుకోకండి. విమానం పైకి బియ్యంతో నిండుగా వస్తుంది, కిందికి పది మందితో పోతుంది. పది టికెట్లకు చమురు డబ్బులు రావడం లేదు. పదకొండు మంది ఉంటే గట్టెక్కుతాం. ఆ ఒక్క మనిషి లేక, వచ్చే వారం నుంచి ఇక్కడికి ఆపేయమంటున్నారు."

"సీట్లు ఖాళీగానే ఉన్నాయి కదా సార్!"

"సీట్లుంటే సరా, బరువు ఒప్పుకోవద్దూ? మీరే ఒప్పుకోరు!"

ఈ మాటలు బీర్‌మాన్ చెవిన పడ్డాయి. బస్తాలు దింపడానికి మనిషి లేడని అతను జీతం లేకుండానే వచ్చి దింపుతున్నాడు. చేతిలో బస్తాను దబ్బున పడేసి కాటా దగ్గరికి వచ్చాడు. "సరే, కాటా మూసేసుకోండి. గొంగళి మాత్రం మా అమ్మ నేసింది, కంపెనీది కాదు. సిమ్లాలో మాకు కప్పుకోవడానికి పనికొస్తుంది" అంటూ ఒక్క గుంజు గుంజి దాన్ని చంకన పెట్టుకున్నాడు.

జౌకలా చూపు ఎందుకో కాటా మీద ఉంది. ముల్లు నాలుగు దగ్గర నుంచి జారి సున్నా మీద ఆగింది.

పదకొండేళ్లలో ఆ ముల్లును ఆమె ఎన్ని వేల సార్లు చూసి ఉంటుందో లెక్కే లేదు. కానీ ఎప్పుడు చూసినా దాని మీద మనిషో మూటో ఉండేవి. ఒట్టి గొంగళితో ఎన్నడూ చూడలేదు. ఆఫీసరు డెబ్బై ఒకటీ, తన కాటా చూపిన డెబ్బై అయిదూ అప్పుడు గుర్తొచ్చాయి.

ఇంకెవరూ చూడలేదు. జోషి గడియారం చూసుకుంటున్నాడు, బీర్‌మాన్ గొణుక్కుంటున్నాడు. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది. నిక్కచ్చి మనిషన్న పేరుతో తాళం వేసి ఇంటికి పోవచ్చు. చెబితే, ఇన్నేళ్లుగా దింపేసిన వాళ్లందరి మొహాలూ ఎలా చూడాలి? కూతురి పురిటికి పోదామని వచ్చి వెనక్కి పోయిన వాళ్లున్నారు, హర్కే ఉన్నాడు. బల్ల మీద పుత్లీ బజై చెప్పులు వేసుకోవాలని కాళ్లతో నేలంతా తడుముకుంటోంది. జౌకలా ఆ కాళ్లు చూసింది.

"ఇదిగో, ఆ గొంగళి మళ్లీ వెయ్యి" అంది మొగుడితో.

"ఎందుకే?"

"వెయ్యమన్నానా! సార్, మీరిటు రండి. ముల్లు చూడండి."

గొంగళి వేస్తే నాలుగు, తీస్తే సున్నా. మూడుసార్లు వేసి తీశారు.

"తప్పు నాదే సార్. ముల్లు సున్నాకు తెచ్చి, ఆ తర్వాత పరుస్తాను. రోజూ అంతే. మీ పుస్తకంలో ఖాళీ పళ్లెం మీద సున్నాకు తెమ్మని రాసి ఉంది, అలాగే తెచ్చాను. రాసుకోండి, నా ఉద్యోగం తీసెయ్యండి. కానీ ముందు అందరినీ మళ్లీ తూద్దాం."

జోషి వేళ్ల మీద లెక్క కట్టాడు. "మనిషికి నాలుగు, మూటకు నాలుగు. తలకు ఎనిమిది. పది మందికి ఎనభై." ఒక్కసారిగా తలెత్తాడు. "దిదీ, పదకొండేళ్లుగా ప్రతి విమానంలోనూ లేని మనిషి ఒకడు కూర్చుని పోతున్నాడన్నమాట!"

గాలి లేస్తోందని తొందరపెట్టడానికి వచ్చిన పైలెట్ గురుంగ్ సంగతి విని పగలబడి నవ్వాడు. "అదా సంగతి! ధౌలీకోట నుంచి లేచేటప్పుడు ఎప్పుడూ ఇట్టే లేచిపోతుంది. లోయ గాలి చలవ అనుకున్నా. తక్కువ బరువుతో పోయాం కాబట్టి బతికిపోయాం. అదే బరువు ఎక్కువయ్యే తప్పై ఉంటేనా?" అన్నాడు. ఆఖరి మాటకు నవ్వు ఆపేశాడు. జౌకలా కూడా ఆ మాట గురించే ఆలోచిస్తోంది.

ఒట్టి ఇనుము మీద అందరినీ మళ్లీ తూచారు. ఒక్కొక్కరూ ఎక్కడం, "అబ్బా" అని గంతెయ్యడం. జోషి డెబ్బై ఒకటి తూగాడు, సొంత ఇల్లు రాయించుకున్నంత సంబరపడ్డాడు. మొత్తం ఎనిమిది వందల ఇరవై.

"పుత్లీ బజై, లే. కాటా ఎక్కు" అంది జౌకలా.

"మళ్లీ దింపడానికా?"

"ఎక్కవే తల్లీ, గాలి లేస్తోంది!"

ముసలామె నలభై నాలుగు, మూట తొమ్మిది. ఇంకా జాగా ఉంది. చల్లటి ఇనుము మీద నిలబడి వణికిపోతున్న మనిషికి జౌకలా ఆ గొంగళే భుజాల చుట్టూ కప్పింది. ముల్లు చూసి, మరో నాలుగు కిలోలు రాసింది. ఇన్నేళ్లు కాగితం మీదే ప్రయాణం చేసిన గొంగళి ఆ రోజు నిజంగా విమానం ఎక్కింది.

మెట్ల దగ్గర జోషి ఆగాడు. "గొంగళి వెయ్యొద్దని మా పుస్తకంలో లేదు. ఇవాళే రాయిస్తాను. పదకొండు మందిని పంపుతూ ఉండండి. చైత్రం దాకా వారానికి రెండు, అది నా పూచీ."

"మరి మా ఆయన పని?"

"అది చమురు చేతిలో ఉంది దిదీ. అబద్ధం చెప్పలేను."

విమానం పరుగెత్తింది. ఎప్పుడూ రన్‌వే పక్కనున్న తెల్ల బండ రాయి దగ్గర నేల వదిలేది, ఇవాళ వదల్లేదు. రాయి దాటింది. జౌకలా బీర్‌మాన్ మోచెయ్యి గోళ్లు దిగేలా పట్టుకుంది. లెక్క తప్పానా, మళ్లీ తప్పానా అనుకుంది. ఇంకో పాతిక గజాలు పోయాక చక్రాలు లేచాయి. విమానం లోయ మీద వంపు తిరిగి, ఎండలోకి పోయింది. జౌకలా ఆ చెయ్యి వదలకుండానే నేల మీద కూలబడి, నవ్వో ఏడుపో తెలియకుండా వెక్కింది.

"చెయ్యి వదలవే, రక్తం వస్తోంది" అన్నాడు బీర్‌మాన్. కానీ తనే వదిలించుకోలేదు.

ఆమె షెడ్డుకు తాళం వేసి ఇల్లు చేరేసరికి గుమ్మంలో మూట లేదు. దుప్పట్లు మంచం మీదికి, గొడ్డలి మూలకు చేరాయి. గిన్నెలో పప్పు ఉడుకుతోంది. బీర్‌మాన్ పొయ్యి ఊదుతున్నాడు.

ఆమె గూట్లో నుంచి బొట్టు పొడి, నాలుగు అక్రోట్లు తీసి కొంగున కట్టుకుంది.

"భాయీటీకా ఇంకా నాలుగు రోజులుంది కదా. ఎవరికివి?" అన్నాడతను.

"హర్కేకి. నాలుగు రోజులు ఆగలేను. వాడి మూట ఎక్కువ లేదని ఇప్పుడే చెప్పొస్తాను."

"తిడతాడు."

"తిట్టనీ" అని, చెప్పులు వేసుకుని ఆమె కొండ దిగడం మొదలుపెట్టింది.