శిఖం గీత

"ఆ కాగితం తీసెయ్యి బిడ్డా, కంచాలు పెట్టాలె," అంది అత్త ప్రేమల. సుజన పటం చుట్టబోయింది. భర్త భానుప్రసాద్ ఆమె చెయ్యి ఆపి, "ఉండనీ అమ్మా, నేను చూస్తున్న," అన్నాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఆమె పని వైపు చూడటం అదే మొదటిసారి. సుజన బాన్సువాడ కాలేజీలో జువాలజీ చెబుతుంది, అదీ తాత్కాలికంగానే. ఇంట్లో దానికి 'టైంపాస్' అని పేరు. పొయ్యే ముందు పాలు, టిఫిన్లు, కూలీల సద్ది. వచ్చాక అంట్లు. పిట్టల్ని చూసుడు గూడ ఒక నౌకరేనా అని అతను చుట్టాల ముందు నవ్వేవాడు. 2002లో, దేశంలో పక్షులకు ముఖ్యమైన చోట్లన్నీ గుర్తించి పటాలు గీస్తున్నామంటూ హైదరాబాదు నుంచి ఒక బృందం వచ్చింది. ఊరి చెరువులో చలికాలం దిగే తెడ్డుమూతి కొంగల్ని సుజన కొన్నేళ్ళుగా గమనిస్తోందని తెలిసి, చెరువు హద్దు గీసే పని ఆమెకే అప్పగించింది.

భానుప్రసాద్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. కట్ట ఎక్కడ, తూము ఎక్కడ అని అడిగాడు. ఆమె ప్రాణం లేచొచ్చినట్టయింది. తనెంత సంబరంగా చెప్పుకుపోయిందో తర్వాత తలుచుకుంటే సిగ్గేసింది. ఎందుకంటే, చివరికి అతని వేలు ఆగింది తమ చెరకు తోట మీద. అది చెరువు శిఖం. నీళ్ళు తగ్గినప్పుడు బయటపడిన నేలను మామ తన కాలంలో దున్ని కలిపేసుకున్నాడు.

"గీత జర ఇటు జరుపు. మన పొలం బయట పడాలె. రేపు ఎవడన్న వచ్చి పిట్టల జాగా అంటే ఏం జేస్తం?"

ఇది గుర్తించడమేననీ, ఎవరినీ వెళ్ళగొట్టరనీ బృందం వాళ్ళు చెప్పిన మాటే ఆమె చెప్పింది.

"గట్లయితే జరిపితే మాత్రం ఏం బోయింది?"

సుజన పటం చుట్టి కంచాలు పెట్టింది. ఆ రోజంతా తల దిమ్మెక్కిపోయింది. మన పొలం. తను తినే తిండి కూడా ఆ చెరకులోంచి వచ్చిందే, కాదనడానికి తనెవరు? పట్టా కాగితాల్లో ఎక్కడా పేరులేని తను, ఔననడానికి మాత్రం ఎవరు? వానాకాలం సద్దిగంప నెత్తిన పెట్టుకుని పోయి ఆ తోటలో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడింది తనే. చెరకు సాళ్ళ మధ్య నీటికోళ్ళు ఈదడం చూసిందీ తనే. గీత ఆ తోట అవతలే గీయాలనిపించడం అందుకేనా, లేక ఇన్నేళ్ళ నవ్వులకు బదులు తీర్చుకోవడానికా? ఎంత తవ్వుకున్నా తేలలేదు.

మర్నాడు చెరువుకు పోయింది. నీళ్ళు వెనక్కిపోయిన మెత్తని నేలలో తండా భీమ్లి కర్బూజ గింజలు నాటుతోంది. సుజన పటం సంగతి చెప్పింది.

"గీత లోపల ఉంటే మమ్ముల ఎల్లగొడ్తరా అమ్మా?"

లేదనబోయి సుజన ఆగిపోయింది. ఆ మాట తనకు చెప్పినవాళ్ళు మంచివాళ్ళే. కానీ రేపు ఆ పటం ఎవరి చేతిలో పడుతుందో వాళ్ళకు మాత్రం తెలుసా?

"నాకు తెల్వదు భీమ్లి."

"తెల్వకుంట ఎట్ల గీస్తవ్?" అంది భీమ్లి. అందులో నిష్ఠూరం లేదు, నిజంగానే అడిగింది.

ఇంటికొచ్చి మళ్ళీ పటం పరిచింది. గీత జరిపితే బయటపడేది భర్త తోట ఒక్కటే. భీమ్లి మడి ఎట్లా జరిపినా లోపలే. ఇంత గందరగోళంలోనూ ఆ ఒక్క సంగతి స్పష్టంగా కనిపించింది. చెరకు తోటను లోపలికి తీసుకుంటూ గీత గీసింది. ఈ నేలలో తండావాళ్ళు కర్బూజ పండించుకుంటారనీ, వాళ్ళనడగకుండా ఇక్కడ ఏదీ తేల్చకూడదనీ అంచున రాసి, కింద సంతకం పెట్టింది. ఆ రాత ఎవరైనా చదువుతారో లేదో తెలియదు.

భానుప్రసాద్ వచ్చి చూశాడు. అరవలేదు. రేపటి నుంచి కాలేజీ బంద్ అన్నాడు. పోతానని ఆమె చెప్పింది. అతను గీత మీద వేలు పెట్టాడు.

"నా మీది కోపంతోనే గీసినవ్ గద?"

సుజనకు అబద్ధం చెప్పాలనిపించలేదు.

"కావొచ్చు," అంది. "కోపంతో గీసినా, నీళ్ళు అక్కడిదాకనే వస్తయి."