పక్క సీటు బ్రేకు

ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టడం నేర్పిన మాస్టారికి సొంత భార్యకు లైసెన్సు ఇప్పించడం మాత్రం చేతకాలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చంతా గెలిచి ఇంట మూడుసార్లు ఓడాడు. పరీక్షకు వెళ్ళింది ఆవిడే అయినా ఓడింది ఎవరో ఆవిడకు బాగా తెలుసు. ఈయనకు తెలియదు, లేదా తెలియనట్టు తిరుగుతున్నాడు.

డ్రైవింగ్ స్కూలు కారుకు పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు తడబడితే నేర్పేవాడు తొక్కడానికి. మాస్టారు దాన్ని పంతొమ్మిదేళ్ళుగా తొక్కుతున్నాడు. మలుపులో సైకిలు కనబడితే తొక్కుతాడు. గోడ మీద పిల్లి ఒళ్ళు విరుచుకుంటే తొక్కుతాడు. వీధి చివర ఎవరైనా తుమ్మినా ఆయన కాలు లేస్తుంది. ఆయన వైపు పెడల్ రబ్బరు అరిగి నున్నగా అయిపోయింది. నేర్చుకునేవాళ్ళ వైపు రబ్బరు కొన్ననాటి గీతలతో అలాగే ఉంది. కారు కడిగేటప్పుడు రెండూ ఆయన కంటబడతాయి గానీ, కంటబడినవన్నీ బుర్రకెక్కాలని ఎక్కడా లేదు.

ఆవిడ ఇరవై రెండేళ్ళుగా ఆసుపత్రిలో నర్సు. ఆసుపత్రిలోనే కాదు, వీధిలో కూడా అందరూ నర్సమ్మ అనే పిలుస్తారు. మంచం దిగలేని రోగుల ఇళ్ళకు వెళ్ళి కట్లు మార్చి, ఇంజెక్షన్లు ఇచ్చి రావడానికి ఆసుపత్రివాళ్ళు ఒక చిన్న కారు కొన్నారు. ఆ పని ఆవిడకే ఇస్తామన్నారు, లైసెన్సు ఉంటే. వార్డుకు తీసుకొచ్చేసరికే వీపు మీద పుండ్లు ముదిరిపోయిన ముసలివాళ్ళను చూసి చూసి ఆవిడ మనసు విసిగిపోయి ఉంది. నెల ముందే ఎవరైనా ఇంటికి వెళ్ళి పక్కకు తిప్పి పడుకోబెట్టి ఉంటే సరిపోయేదని తెలిసీ ఏమీ చేయలేకపోవడం ఆవిడను నిద్రపోనిచ్చేది కాదు. ఈస్టరుకు ముందు శనివారంలోగా లైసెన్సు చూపించాలి. లేకపోతే ఆ పని ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

తపస్సు కాలం రేపు మొదలవుతుందనగా, ఆ సాయంత్రం ఇద్దరూ వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నారు. ఈస్టరుకు ముందు ఆ నలభై రోజులు ఏం మానేయాలో ఏటా అక్కడే తేల్చుకోవడం వాళ్ళకు అలవాటు. తేల్చుకోవడానికి మాస్టారి వైపు నుంచి పెద్దగా ఏమీ ఉండదు.

"నేను ఎప్పటిలాగే టీ," అన్నాడాయన.

"వద్దండీ. మీకు దణ్ణం పెడతాను, టీ తాగండి," అంది నర్సమ్మ. "టీ మానేసేది మీరు, ఉపవాసం చేసేది మేము. పోయినేడు మీ అరుపులకు ఆ బ్యాంకు గుమస్తా స్కూలే మానేశాడు."

"మరి ఏం మానేయమంటావు? అన్నమా?"

ఆవిడ తిన్న కంచం పక్కకు జరిపింది. "బ్రేకు."

మాస్టారు నవ్వబోయాడు. ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు.

"మూడోసారి ఫెయిలయ్యాక ఇన్‌స్పెక్టరుగారిని అడిగానండీ, నాలో లోపం ఏమిటని. ఆయన ఏమన్నాడో తెలుసా? 'మాస్టారి దగ్గర నేర్చుకున్నవాళ్ళను ఇట్టే పట్టేస్తానమ్మా. ఎదురుగా ఏదైనా వస్తే రోడ్డు చూడరు, పక్క సీటు చూస్తారు. అక్కడ ఎవరో ఆపుతారని' అన్నాడు. నిజమే. మూడుసార్లూ నేను చూసింది పక్కకే. ఎప్పుడైనా నా కాలితో నన్ను ఆపనిచ్చారా మీరు?"

"ప్రమాదం జరిగితే?"

"ఈ నలభై రోజులూ నేను మీ వైపు చూడడం మానేస్తాను. మీరు తొక్కడం మానేయండి. ఎవరికి కష్టమో దేవుడే చూస్తాడు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి ఆయన. అయినా భార్యకు సమాధానం దొరకనప్పుడు ఏం చేయాలో ఆయనకు తెలుసు. మర్నాడు విభూది బుధవారం. చర్చిలో నుదుటి మీద బూడిద పెట్టించుకున్న వెంటనే ఫాదరును పక్కకు పిలిచాడు. ఇది మరీ విడ్డూరం, ఇలాంటివి లెక్కలోకి రావు అని ఆయన నోట అనిపిస్తే చాలు, ఇంటికి వెళ్ళి హాయిగా టీ మానేయవచ్చు.

ఫాదరు మొత్తం విని గడ్డం గోక్కున్నాడు. ఆయన కూడా ఒకప్పుడు మాస్టారి శిష్యుడే.

"టీ మానేయడం నీకు నొప్పేనా?"

"మొదటి వారం తలనొప్పి వస్తుంది ఫాదర్. తర్వాత అలవాటైపోతుంది."

"బ్రేకో?"

మాస్టారి చూపు తన కుడికాలి మీదికి జారింది.

"మనకు అక్కర్లేనిది వదిలేస్తే అది పాత బట్టలు దానం చేసినట్టు. నిజంగా ప్రమాదం కనబడితే తొక్కు, అది నీ ధర్మం. నీకు భయం వేసిన ప్రతిసారీ తొక్కకు. ప్రమాదం వేరు, భయం వేరు. కాలు లేచినప్పుడల్లా తొక్కే బదులు ఒక ప్రార్థన చెప్పుకో," అన్నాడు ఫాదరు. ఆ పైన గొంతు తగ్గించి, "నాకూ రెండుసార్లు పోయింది పరీక్ష. నీకు చెప్పడానికి మొహమాటపడ్డాను," అన్నాడు.

ఆ గురువారం నుంచి మాస్టారి కాలికి కష్టకాలం మొదలైంది. పొద్దున డ్యూటీకి ముందు గంట, సాయంత్రం వచ్చాక గంట నర్సమ్మ కారు నడిపేది. ఆయన కుడికాలును ఎడమకాలి వెనక్కి మెలిపెట్టి కూర్చునేవాడు. మొదట్లో ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పుకున్నాడు గానీ అది పెద్దది. మూడో మాటకు వచ్చేసరికి సైకిలువాడు దాటిపోయి, ఇంకో లారీ ఎదురొచ్చేది. చివరికి దాన్ని రెండు మాటలకు కుదించుకున్నాడు. "ప్రభువా, చూసుకో." రోజుకు ఎన్నిసార్లు అనుకున్నాడో గానీ, అన్నేళ్ళ జీవితంలో దేవుణ్ణి అంతగా విసిగించి ఉండడు. ఆవిడ మాత్రం మాట తప్పలేదు. పక్కకు తిరగాలని మెడ లాగినప్పుడల్లా గడ్డం ముందుకు చాచి, కళ్ళు రోడ్డు మీదే ఉంచింది.

మిగతా శిష్యుల దగ్గర కూడా నియమం పాటించాడు. పళ్ళ డాక్టరు ఒకడు కారును నెమ్మదిగా తీసుకెళ్ళి చెత్తకుండీకి ఆనించాడు. కుండీకి ఏమీ కాలేదు, డాక్టరుకు బుద్ధి వచ్చింది. మర్నాటి నుంచి అద్దాలు చూడడం మొదలుపెట్టాడు. మాస్టారికి ఇది మింగుడుపడలేదు.

అసలు చిక్కు ఆదివారం వచ్చింది. తపస్సు కాలంలో ఆదివారాలు ఉపవాసంలోకి రావని మాస్టారికి తెలుసు. బుధవారం నుంచి లెక్కపెడితే నలభై ఆరు రోజులు, ఆరు ఆదివారాలు తీసేస్తేనే నలభై. టీ మానేసిన ఏళ్ళలో ఆదివారం ఆరు కప్పులు లాగించేవాడు. ఆ లెక్కన, ఆవిడకు డ్యూటీ పడి కారు తీయని మొదటి రెండు ఆదివారాలు పోగా, మూడో ఆదివారం చర్చిలో పూజ అయ్యాక, కూరగాయలకని ఇద్దరూ బజారు వైపు వెళ్తుంటే, వారమంతా బిగపట్టుకున్న కాలు విచ్చుకుంది. బజారు చేరేలోపు పదకొండుసార్లు తొక్కాడు. ఒకసారైతే ఎదురుగా ఏమీ లేదు. ఉంటుందేమోనని తొక్కాడు.

నర్సమ్మ ఇండికేటరు వేసింది. అద్దం చూసింది. కారును పక్కకు తీసి ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, తాళం తీసి ఆయన చేతిలో పెట్టింది.

"వారమంతా నేను బాగా నడిపాను కాబట్టే మీరు తొక్కలేదనుకున్నానండీ," అంది. గొంతు పెంచలేదు. "కాదన్నమాట. పళ్ళ బిగువున ఓర్చుకున్నారు. నా మీద నమ్మకం ఒక్క రోజు కూడా లేదు."

తలుపు తీసుకుని దిగి, సంచీ భుజాన వేసుకుని నడిచి వెళ్ళిపోయింది.

ఇక కారు తానే నడపాలి. మాస్టారు దిగి అటువైపు వచ్చాడు. అప్పుడు చూశాడు. కారు గట్టుకు జానెడు దూరంలో, చక్రాలు తిన్నగా, గీత గీసినట్టు ఆగి ఉంది. పదకొండు బ్రేకులు తిన్న కోపంలో కూడా ఆవిడ దాన్ని అంత చక్కగా పెట్టింది. ఎప్పుడు నేర్చుకుందీవిడ ఇది? తనే నేర్పి ఉండాలి. నేర్పినవాడు చూడలేదు, ఎందుకంటే చూడవలసిన సమయంలో ఆయన ఎదురుగా రాని లారీల కోసం చూస్తున్నాడు. నలభై రోజులు దేవుడికి ఇస్తానని, ఆరు రోజులు వెనక జేబులో దాచుకున్నవాణ్ణి ఏమనాలి?

ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ బియ్యం కడుగుతోంది. ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు.

"కారుకు ఏమైనా అవుతుందని కాదు," అన్నాడు. "నువ్వు గుద్దుతావనీ కాదు. నీకు లైసెన్సు వస్తే ఆ పనిలో చేరతావు. ఒక్కదానివే వెళ్తావు. ముసురైనా, ఎండైనా, ఏ సందులోనైనా. పక్కన నేనుండను. పెళ్ళైనప్పటి నుంచి నేను పక్కన లేకుండా నువ్వు ఎక్కడికి వెళ్ళావు? నాకు భయంగా ఉంది. అదీ సంగతి."

నర్సమ్మ కడిగిన నీళ్ళు పారబోసింది. ఆవిడకు జాలేసింది, నవ్వూ వచ్చింది.

"ఎక్కడికి వెళ్ళానా? రోజూ వార్డుకు వెళ్తూనే ఉన్నానుగా. ఇరవై రెండేళ్ళు. బస్సులో, ఒక్కదాన్నే. మీరు చూడలేదంతే."

ఈసారి మాస్టారు జవాబు వెతుక్కోవడానికి ఫాదరు దగ్గరికి కూడా వెళ్ళలేదు. వచ్చే ఆదివారం నుంచి ఆదివారాలు కూడా కలిపేస్తానని మాత్రం అన్నాడు. ఆవిడ పొయ్యి వెలిగించి, "కూరగాయలు తెచ్చారా?" అని అడిగింది. తేలేదు. మళ్ళీ ఇద్దరూ కలిసి వెళ్ళారు, ఆవిడే నడిపింది.

అయిదో వారంలో ఒక సాయంత్రం, సందులోంచి గ్యాసు సిలిండర్ల బండి ఒకటి చెప్పాపెట్టకుండా రోడ్డు మీదికి దూకింది. ఇది భయం కాదు, ప్రమాదమే. మాస్టారి కాలు మెలిక విప్పుకుని ముందుకు పోయింది. పెడల్‌ను తాకేలోపే కారు ఆగిపోయి ఉంది. నర్సమ్మ పక్కకు చూడలేదు. బండివాణ్ణి పోనిచ్చి, అద్దం చూసి, మొదటి గేరు వేసింది. ఆయన ప్రార్థన ఇంకా సగంలోనే ఉంది. దేవుడు తొందరపడ్డాడా, తన భార్య తొందరపడిందా అన్నది ఆయన తేల్చుకోలేకపోయాడు. ఆ సంతోషంలో ఆ రోజు "గేరు మార్చు" అని చెప్పడం కూడా మర్చిపోయాడు.

పరీక్ష గుడ్ ఫ్రైడేకు ముందురోజు, గురువారం పడింది. ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో కూర్చున్నాడు, మాస్టారు ఆఫీసు వరండాలో మిగిలాడు. కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాడు. ఇరవై నిమిషాల తర్వాత కారు తిరిగొచ్చింది. ఇన్‌స్పెక్టరు దిగి తాళాలు మాస్టారి చేతిలో పెట్టి, కాగితం మీద సంతకం పెడుతూ, "ఈసారి నా మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు మాస్టారూ. నేనున్నాననే మర్చిపోయినట్టుంది," అన్నాడు.

నర్సమ్మ కళ్ళు తుడుచుకుంది. అదే చెయ్యి తాళాల కోసం చాపింది.

"మీరు బస్సులో రండి," అంది. "నేను ఇంటికి ఒక్కదాన్నే వెళ్తాను. సోమవారం నుంచి రోగుల ఇళ్ళకు ఎలాగూ ఒక్కదాన్నే వెళ్ళాల్సిందేగా."

ఆయన నోట్లో నాలుగు జాగ్రత్తలు తయారయ్యాయి. వంతెన దగ్గర లారీలు, బడి దగ్గర జనం, మలుపులో గుంత, పెట్రోలు ముల్లు. నాలుగూ మింగి తాళాలు ఇచ్చాడు. కారు గేటు దాటి కుడివైపు తిరిగి, జనంలో కలిసిపోయింది.

బస్సు రావడానికి ముప్పావు గంట పట్టింది. వచ్చింది గానీ ప్రతి స్టాపులోనూ ఆగింది. మాస్టారు కిటికీ పక్కన కూర్చుని, రోడ్డు పక్క గుమిగూడిన ప్రతి నలుగురినీ చూసి గుండె పట్టుకున్నాడు. ప్రార్థన చేశాడు. ఈసారి చూసుకోమని అడగలేదు. ఆవిడను ఇన్నేళ్ళూ బస్సులో పంపినందుకు క్షమించమని అడిగాడు.

ఇంటి ముందు గోడ పక్కన కారు ఉంది. శిష్యులెవరైనా బండి తిరిగి అప్పగిస్తే ఆయన దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తాడు. వంగి వంగి, వేలితో తడిమి, గీత ఉందేమో చూస్తాడు. పంతొమ్మిదేళ్ళలో ఒక్క బండినీ వదల్లేదు. కాళ్ళు అటే తిరిగాయి. ఆయన వాటిని గుమ్మం వైపు తిప్పాడు.

నర్సమ్మ చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"వెనక తలుపు దగ్గర గీత పడిందండీ," అంది ఆయన చెప్పులు విప్పకముందే. "మన గోడకే. ఆపేటప్పుడు మరీ దగ్గరగా తిప్పాను. చూసి రండి."

మాస్టారు చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. వచ్చి ఆవిడ పక్కనే చాప మీద చతికిలబడ్డాడు.

"గీతేగా," అన్నాడు. "నేను మొదటిసారి ఒక్కణ్ణే నడిపిన రోజు మా గురువుగారి గేటు ఊడబెరికాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. సోమవారం ఎన్నింటికి బయల్దేరతావు?"