బీరువాలో తక్కెడ

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆళ్లగడ్డలోని ఆ చిన్న బడికి ప్రభుత్వం ఒక సైన్సు పెట్టె పంపింది. తక్కెడ, అయస్కాంతాలు, భూతద్దాలు, కప్పీలు అన్నీ ఉన్నాయందులో. హెడ్మాస్టరు జయప్రకాష్ ఆయుధపూజనాడు వాటికి పసుపూ కుంకుమా దట్టంగా పూసి, టెంకాయ కొట్టి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ తాళం మళ్లీ దసరాకు తప్ప తెరుచుకోలేదు.

మూడో తరగతి టీచరు వాసవి అడగని రోజు లేదు. "పిల్లోల్లు పగలగొడ్తే సంజాయిషీ ఎవరిచ్చుకోవల్ల? నువ్వా?" అనేవాడాయన. ఆమెకు ఒళ్లు మండేది. పిల్లలు తాకకూడని సైన్సు ఎవరికి చెప్పడానికి, గోడకా? చివరికి టెంకాయ చిప్పలకు దారాలు కట్టి, శిల్పుల కొట్టాల దగ్గర రాలిన రాతిముక్కలు ఏరుకొచ్చి తూకం నేర్పింది. నంద్యాలలో వాసవి నాయనకు కిరాణా అంగడి ఉంది. పొద్దున్నే ఖాళీ తక్కెడ ఎత్తి చూడకుండా ఆయన బేరం మొదలుపెట్టడు. ఆ అలవాటే పిల్లలకూ చేసింది.

ఒక రోజు నంద్యాల నుంచి అధికారి తనిఖీకి వచ్చాడు. బీరువా తెరిచారు. సామానంతా బల్లమీద బొమ్మల కొలువులా పేర్చి, పిల్లల్ని చేతులు కట్టుకుని దూరంగా కూర్చోమన్నారు.

"కొత్తదాని మాదిరే ఉందే! బాగా కాపాడినారు," అన్నాడు అధికారి.

వాసవికి అరికాలి మంట నెత్తికెక్కింది. వాడితే కదా పాతబడేది!

జయప్రకాష్ పొంగిపోయి, తక్కెడలో చెరో పక్క ఒకే బరువున్న తూకపు రాళ్లు పెట్టాడు. ఎడమ పళ్లెం కిందికి దిగింది. ఆయన తడబడి, "ఈ రాయి బరువు, అది తేలిక. తెలిసిందా?" అన్నాడు.

"కాదు సార్," అంది సబా అనే పిల్ల, కట్టుకున్న చేతులు విప్పకుండానే. "ఖాళీది ఎత్తి చూసినారా? తక్కెడే వాలిందేమో."

"నోరు మూసుకో!" అని కసిరాడు జయప్రకాష్.

"ఎందుకు మూసుకోవల్ల సార్?" అంది వాసవి. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "సబా, ఈడికి రామ్మా. నువ్వే చూడు."

సబా రాళ్లు తీసేసింది. ఖాళీ తక్కెడ కూడా ఎడమకే వాలింది. పళ్లెం తిప్పి చూస్తే అడుగున పసుపు ముద్ద గట్టిగా ఎండిపోయి ఉంది. గోటితో గీకి రాల్చింది. రెండు పళ్లేలూ సమానంగా నిలిచాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"మా నాయన కూడా తక్కెడకు బొట్టు పెడ్తాడు సార్," అంది వాసవి. "పిడికి పెడ్తాడు, పళ్లేనికి గాదు. దినామూ వాడే మనిషి గదా."

అధికారి నవ్వి, ఫోన్లో ఒక ఫోటో తీసుకున్నాడు. "సరే సరే. ఇంగ జాగ్రత్తగా లోపల పెట్టించండి."

లోపలే! అంతా కళ్లారా చూసి కూడా లోపలే!

వాసవి భూతద్దాలు ఒకరికి, అయస్కాంతాలు ఒకరికి, కప్పీలు ఇంకొకరికి పంచేసింది. తక్కెడ సబా చేతిలోనే ఉంచింది. జయప్రకాష్ గుడ్లు మిటకరిస్తూ ఉండగానే ఖాళీ బీరువా మూసి, తాళం వేసి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది.

"సంజాయిషీ నేను రాసిస్తా. బీరువాను మాత్రం మీరే భద్రంగా చూసుకోండి సార్."